తల్లి పిస్తోలు – తనయ రైఫిలు
(పీఠిక)

లీవరును ఒక్కసారి దించి ఎత్తినంతలో పేలిన తూటా స్థానంలోకి కొత్త తూటా వచ్చి కూర్చునే యంత్రమర్మాన్ని లోకం ఈనాడు వించెస్టర్ రైఫిలు పేరుతోనే స్మరిస్తున్నది గాని, ఆ మర్మం నేటి రూపానికి దగ్గరగా మొట్టమొదట అంగడికెక్కింది నడుమున దోపుకోగల కురచ పిస్తోలుగానే అన్న సత్యాన్ని సప్రమాణంగా ప్రతిపాదించిన ఈ గ్రంథానికి నాలుగు మాటలు వ్రాయవలసిందని గ్రంథకర్త కోరినప్పుడు, వయోభారం వల్ల కలిగిన సంకోచం కంటె విషయగౌరవం వల్ల కలిగిన ఉత్సాహమే నాలో బలవత్తరమైంది. రైఫిలును కోసి పిస్తోలు చేశారని వింటూ వచ్చిన మనకు, పిస్తోలు పెరిగి రైఫిలు అయిందని ఇతడు చెబుతున్నాడు. పాఠకులు కాసేపు నా పక్కన కూర్చుంటే, గ్రంథంలోకి ప్రవేశించే ముందే ఆ వంశక్రమాన్ని నాకు అర్థమైనంత మేర మనవి చేస్తాను.

చిరంజీవి గ్రంథకర్త వృత్తిచేత మెకానికల్ ఇంజనీరు. కృష్ణాతీరంలో పుట్టి, ఉద్యోగరీత్యా అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో స్థిరపడినవాడు. ఆ రాష్ట్రంలోనే నార్విచ్ ఉన్నది, న్యూ హేవెన్ ఉన్నది. అనగా ఈ పిస్తోలు పుట్టిన ఊరూ పెరిగిన ఊరూ అతడి ఇంటికి కారులో పోయి వచ్చే దూరంలోనే ఉన్నాయి. వారాంతపు విశ్రాంతిని త్యజించి, పాత పేటెంటు పత్రాలలోని రేఖాచిత్రాలను గీతగీతకూ సరిచూసి, వయోమింగ్‌లోని కోడీ పట్టణంలో వించెస్టర్ సంస్థ పూర్వసంపుటిని భద్రపరచిన మ్యూజియం దాకా ప్రయాణించి, ప్రతి భాగం కదలికనూ సొంతంగా గీసిన బొమ్మలతో ఈ గ్రంథాన్ని సమకూర్చాడు. ఆ బొమ్మలలో ఇసుమంతైనా అలంకారం లేదు. స్ప్రింగు ఎక్కడ ఉందో అక్కడే ఉంది, పిన్ను ఎటు తిరగాలో అటే తిరుగుతుంది. వ్యాఖ్యాతకు మూలవిధేయత ఎంత ముఖ్యమో యంత్రచిత్రకారుడికి ఈ నిరాడంబరత అంత ముఖ్యమని నేను భావిస్తాను.

ఈ వంశానికి మూలపురుషుడు న్యూయార్క్ నగరపు యంత్రశిల్పి వాల్టర్ హంట్. మన ఇళ్లలో ఆడవారి గాజులకు వేలాడే పిన్నీసుకు 1849లో పేటెంటు పొందిన మహాశయుడు ఈయనే. అంతకు మునుపటి ఏడు, 1848లో, సీసపు గుండు వెనుక భాగాన్ని గుల్లగా తొలిచి, ఆ గుల్లలోనే మందు కూరి, అడుగున బెండుతో మూసే ఉపాయానికి ఆయన పేటెంటు తీసుకొన్నాడు. వేరే తొడుగు అక్కరలేని ఆ గుండుకు ‘రాకెట్ బాల్’ అని పేరు. అటువంటి గుండ్లను గొట్టం కింద మరొక గొట్టంలో వరుసగా పేర్చి, చేతిమీటతో ఒక్కొక్కటిగా పైకి తెచ్చే రైఫిలును మరుసటి ఏడు కల్పించాడు. ఆ రైఫిలు మహా సుకుమారం. దాని అంగాలు ఎక్కువ, బలం తక్కువ. దానిని లూయిస్ జెన్నింగ్స్ సరళీకరించాడు. కోర్ట్‌లాండ్ పామర్ అనే ధనికుడు పెట్టుబడి పెట్టాడు. వెర్మాంట్‌లోని విండ్సర్ పట్టణంలో రాబిన్స్ అండ్ లారెన్స్ కార్ఖానా దానిని తయారు చేసింది. హోరేస్ స్మిత్ 1851లో మరికొంత మెరుగుదిద్దాడు. గురుశిష్య పరంపరలో పాఠం ఒక నోటినుంచి మరొక నోటికి మారుతూ స్ఫుటమైనట్లు, ఈ యంత్రం చేయి మారిన ప్రతిసారీ కొంత బరువు దించుకొన్నది.

స్మిత్, డేనియల్ వెసన్ ఇద్దరూ కలిసి 1854 ఫిబ్రవరి 14న పొందిన పేటెంటుతో ఈ విద్యకు నిజమైన బాల్యం మొదలైంది. నార్విచ్‌లో వారు చేసినవి ప్రధానంగా పిస్తోళ్లే: .31, .41 అంగుళాల గుండ్లు పేల్చేవి, ఇనుప చట్రం మీద లతలు చెక్కినవి, ట్రిగ్గరు ముందు వేలు దూర్చే ఉంగరంతో లీవరు అమరినవి. 1855లో ఈ వ్యాపారం వోల్కానిక్ రిపీటింగ్ ఆర్మ్స్ అనే సంస్థ చేతికి వచ్చింది; 1856లో కార్ఖానా న్యూ హేవెన్‌కు తరలింది; చట్రం ఇనుము నుంచి ఇత్తడివన్నె లోహానికి మారింది. ఆ సంస్థలో వాటాలు కొన్నవారిలో చొక్కాలు కుట్టించి అమ్మే ఆలివర్ వించెస్టర్ ఒకడు. తుపాకులతో అతనికి అంతకు ముందు ఏ సంబంధమూ లేదు. 1857 ఆరంభంలో వోల్కానిక్ సంస్థ అప్పులలో మునిగి దివాలా తీసినప్పుడు, మిగిలిన ఆస్తిని చేజిక్కించుకొని న్యూ హేవెన్ ఆర్మ్స్ కంపెనీగా నిలబెట్టినవాడు ఆ చొక్కాల వర్తకుడే.

వోల్కానిక్ పిస్తోలును గ్రంథకర్త వర్ణించిన ప్రకరణం ఈ పుస్తకానికి ప్రాణస్థానం. గొట్టం పొట్టివాటిలో మూడున్నర, నాలుగు అంగుళాలు మొదలుకొని ఆరు, ఎనిమిది, అరుదుగా పదహారు అంగుళాల దాకా ఉండేది. దాని కిందనే గుండ్ల గొట్టం. ముందుకొసన ఒక కప్పును పక్కకు తిప్పి గుండ్లను ఒకటొకటిగా జారవిడుస్తారు. మామూలు గొట్టాలలో పరిమాణాన్ని బట్టి ఆరు మొదలు పది దాకా పట్టేవి. ఆ రోజులలో కోల్ట్ రివాల్వరు వాడేవాడు ఒక్కొక్క గదిలో మందు పోసి, గుండు దట్టించి, వెనుక రంజకపు టోపీ తొడిగి, ఇంత చేస్తే ఆరు దెబ్బలు దక్కేవి. వోల్కానిక్ పట్టినవాడు గుండ్లు జారవిడిచి, లీవరు ఆడించి, ట్రిగ్గరు లాగడమే. వానలో తడిసే విడి మందు లేదు, చేతిలోంచి జారిపడే టోపీ లేదు. 1855లో ఒక వ్యక్తి జేబులో ఇంతటి సౌలభ్యం ఇమడటం ఎంత విప్లవకరమో గ్రహించాలంటే ఆ కాలపు తక్కిన ఆయుధాల అవస్థ తెలియాలి. గ్రంథకర్త దానిని ఓపికగా, పక్షపాతం లేకుండా విశదీకరించాడు.

మరి ఇంత సుగుణవతి ఎందుకు నిలవలేదు? ఇక్కడే గ్రంథకర్త తీర్పు నాకు మిక్కిలి నచ్చింది. లోపం లీవరుది కాదు, గుండుది. గుండు కడుపులో పట్టే మందు ఎంత? .41 గుండులో ఆరేడు గ్రెయిన్లకు మించి పట్టదు. తరువాతి హెన్రీ రైఫిలు తూటాలో 26 గ్రెయిన్లకు పైగా మందు ఉండేదని గుర్తుంచుకొంటే ఈ గుండు ఎంత నీరసమో బోధపడుతుంది. పైగా తొడుగు లేని గుండు గనుక, పేలినప్పుడు వెనుకకు తన్నుకు వచ్చే పొగనూ వేడినీ ఆపే అడ్డు లేదు. ఇత్తడి తూటా పేలిన క్షణంలో ఉబ్బి గోడలకు అంటుకొని వాయువును బంధిస్తుంది; రాకెట్ బాల్‌కు ఆ గుణం శూన్యం. పేలకుండా మొరాయించిన గుండును వెనక్కి లాగడానికి పట్టు దొరకదు. యంత్రం నాలుగడుగులు ముందు నడిచింది, తూటా వెనుకబడింది. జతకుదరని కాపురం రెండేళ్లలో వీధినపడింది.

ఆ వీధిలోనుంచి రెండు మహాసంస్థలు లేచాయి. లీవరు హక్కులను వదలుకొని బయటికి వచ్చిన స్మిత్, వెసన్ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రెండవసారి భాగస్వాములై, 1857లో రాగి తొడుగు గల .22 తూటాతో చిన్న రివాల్వరును విడుదల చేశారు. సిలిండరును ఈ కొస నుంచి ఆ కొసకు తొలిచే రోలిన్ వైట్ పేటెంటు వారికి దన్నుగా నిలిచింది. న్యూ హేవెన్‌లో మిగిలిన వించెస్టర్, బెంజమిన్ టైలర్ హెన్రీ అనే పనిమంతుణ్ణి కార్ఖానాకు పెద్దగా నియమించాడు. హెన్రీ 1860 అక్టోబరు 16న పేటెంటు పొందిన రైఫిలులో అదే లీవరు, అదే అడుగుగొట్టం, గుండు స్థానంలో మాత్రం లోహపు తొడుగు గల .44 తూటా. ఆ హెన్రీ రైఫిలే 1866లో పక్కద్వారం నుంచి తూటాలు నింపే ఏర్పాటుతో వించెస్టర్ అయింది, 1873లో .44-40 తూటాతో జగత్ప్రసిద్ధమైంది. రెండు సంస్థలూ లోహపు తూటానే ఆశ్రయించాయి; ఒకటి దానిని రివాల్వరుకు ఇచ్చింది, రెండవది రైఫిలుకు ఇచ్చింది; ఇద్దరినీ కన్న లీవరు పిస్తోలుకు దానిని తిరిగి తెచ్చి ఇచ్చినవారు ఆనాడు అక్కడ లేకపోయారు. ఆ తల్లి కథ అక్కడ ఆగిపోయింది. ఈ మాటను గ్రంథకర్త ఎక్కడా శోకరసంతో చెప్పలేదు. వరుస తేదీలతో చెప్పి ఊరుకొన్నాడు. నేను చదువుతూ పుస్తకం కాసేపు మూసిపెట్టవలసి వచ్చింది.

ఈ లీవరు తుపాకులలో గొట్టం వెనుక తలుపును బిగించే కీలు గురించి ఇంజనీరింగు చదవని పాఠకులు భయపడనక్కరలేదు. రెండు ముక్కలు నడుమ కీలుతో కలిసి ఉంటాయి. అవి నిటారుగా చాచుకొన్నప్పుడు ముందునుంచి ఎంత బలంగా తోసినా లొంగవు. కీలును కాస్త కిందికి వంచితే చాలు, రెండూ ముడుచుకొని వెనుకకు పోతాయి. లీవరు చేసే పని ఆ కీలును వంచడం, చాచడం. వోల్కానిక్, హెన్రీ, 1866, 1873 నమూనాలన్నిటికీ ఇదే మర్మం. అయితే దీని ప్రయాణం అక్కడితో ముగియలేదు. 1883లో హైరమ్ మాక్సిమ్ తుపాకి వెనక్కి తన్నే తన్నుతోనే లీవరు దానంతట అది ఆడేలా వించెస్టర్ రైఫిలుకు ఏర్పాటు చేసి పేటెంటు తీసుకొన్నాడు. అతడి మరతుపాకిలోనూ ఈ చాచే కీలే. వించెస్టర్ సంస్థలో కొంతకాలం పనిచేసిన హ్యూగో బోర్‌హార్ట్ 1893లో జర్మనీలో తెచ్చిన స్వయంచాలిత పిస్తోలులోనూ, దాని సంతానమై 1908లో జర్మన్ సైన్యం స్వీకరించిన లూగర్‌లోనూ అదే కీలు పిడికిలి మీదుగా లేస్తుంది. నార్విచ్ పిస్తోలు సంతతి అర్ధశతాబ్దం చుట్టు తిరిగి మళ్లీ పిస్తోలులోకే చేరుకొన్నదన్నమాట. ఈ సంబంధాన్ని ఇంత తేటగా తెలుగులో చూపినవారిని నేను ఇంతవరకు చదవలేదు.

వోల్కానిక్‌కూ లూగర్‌కూ నడుమ కాలంలో మధ్య ఐరోపాలో జరిగిన లీవరు పిస్తోళ్ల ప్రయత్నాలను గ్రంథకర్త రెండు పుటలలో దాటవేశాడు. బొహీమియాలోని వైపర్ట్ పట్టణంలో గుస్తావ్ బిట్నర్ చేసిన 1893 నాటి పిస్తోలు, వియన్నాలో యోసెఫ్ లౌమన్ చేసినవి, ఇవన్నీ ఉంగరపు లీవరుతో వేలికదలికలోనే తూటా ఎక్కించి పేల్చే సుందరమైన చేతిపనులు. స్వయంచాలిత పిస్తోలు వచ్చిన ఆ దశకంలోనే ఇవి పుట్టడం వీటి దురదృష్టం. వీటికి ఒక పూర్తి ప్రకరణం దక్కవలసింది. అమెరికాలో మాత్రం అప్పటికే సమస్య వేరొక విధంగా తీరిపోయింది: 1878 నుంచి కోల్ట్ సంస్థ .44-40 తూటాకు సరిపడే రివాల్వరును అమ్మసాగింది. నడుమున రివాల్వరు, జీనుకు వించెస్టర్, రెండింటికీ ఒకే తూటాల పట్టెడ. ఇక కురచ లీవరు తుపాకి ఎవరికి కావాలి?

కావలసింది టెలివిజన్‌కు. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 నమూనా వించెస్టర్ చిన్న తూటాలకై కట్టిన తేలికైన రైఫిలు. చాచే కీలుకు బదులు, రెండు పక్కలా నిలువుగా లేచి బోల్టును పట్టే రెండు ఉక్కు దిమ్మెలు దానికి బలం. అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1958 నుంచి 1961 వరకు సిబిఎస్‌లో ప్రసారమైన ‘వాంటెడ్: డెడ్ ఆర్ అలైవ్’ ధారావాహికలో స్టీవ్ మెక్వీన్ ధరించిన జోష్ రాండల్ పాత్రకు, కార్ల మీద సన్నని రంగుగీతలు దిద్దడంలో ప్రఖ్యాతుడైన కెన్నీ హోవార్డ్, వాన్ డచ్ అని లోకం పిలిచే కళాకారుడు, ఆ 1892 రైఫిలు ముందూ వెనుకా కోసి, లీవరును విశాలమైన ఉంగరంగా వంచి, తొడకు వేలాడే ఒరతో అమర్చి ఇచ్చాడు. ‘మేర్స్ లెగ్’ అన్న పేరు అప్పటిదే. కథాకాలం 1870ల దశకం. ఆయుధం పుట్టినది 1892లో. అది చాలదన్నట్టు, నడుము పట్టెడలో మెరిసే తూటాలు చూపుకు భారీగా ఉండాలని .45-70 తూటాలు తొడిగారు. అవి ఆ తుపాకిలో దూరనే దూరవు! చిత్రరంగానికి కాలమూ కొలతా రెండూ దాసులే. 1968లో సెర్జియో లియోన్ తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ తొలి దృశ్యంలో రైలు కోసం కాచుకొని ఉండే వుడీ స్ట్రోడ్ చేతిలోనూ ఇటువంటి కోసిన వించెస్టరే.

ఆకర్షణకు ఇంత ఘనమైన చరిత్ర ఉండగా, ఉపయోగం మాటేమిటి? గ్రంథానికి ఉత్తరభాగమంతా ఈ విచారమే. దీనిలో చిరంజీవితో నాకు కొంత ఏకీభావమూ కొంత భేదమూ ఉన్నాయి. ఈ శతాబ్దంలో బ్రెజిల్‌కు చెందిన రోస్సీ, అమెరికాలోని హెన్రీ, ఇటలీలోని కియాప్పా సంస్థలు పుట్టుకతోనే పిస్తోళ్లుగా వీటిని తయారుచేశాయి. రోస్సీ వారి ‘రాంచ్ హాండ్’ను ఉదాహరణగా తీసుకొంటే గొట్టం 12 అంగుళాలు, మొత్తం పొడవు రెండడుగులు, బరువు సుమారు రెండు కిలోలు, లోపల పట్టే తూటాలు ఆరు. ఒక మంచి రివాల్వరు దీనిలో సగం బరువుతో అన్నే తూటాలు మోస్తుంది, ఒంటిచేత పేలుతుంది. దీనికి రెండు చేతులూ కావాలి. భుజానికి ఆనించే మడమ లేదు గనుక ప్రతి దెబ్బ తరువాతా లీవరు ఆడించేసరికి గురి చెదిరిపోతుంది, మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. నడుము దగ్గర పట్టుకొని పేల్చడం, చంక కిందుగా గిరగిర తిప్పి తూటా ఎక్కించడం చిత్రాలకు శోభ. మైదానంలో అది ప్రమాదహేతువు. ఇవన్నీ గ్రంథకర్త దాచలేదు. దాచకపోవడమే అతడి శాస్త్రనిష్ఠకు నిదర్శనం.

అయినా అతడు పక్షవాదిగా చెప్పిన రెండు గుణాలను నేను కాదనలేను. రివాల్వరులో సిలిండరుకూ గొట్టానికీ నడుమ సందు ఉంటుంది, ఆ సందులోనుంచి మంటా వాయువూ పక్కలకు చిమ్ముతాయి. అందుచేత రెండవ చేతిని ముందు భాగాన పట్టడానికి వీలులేదు. లీవరు పిస్తోలులో ఆ సందే లేదు. వాయువు వృథాపోదు, ముందు చెక్కను ఎడమచేత నిబ్బరంగా పట్టవచ్చు. పైగా 12 అంగుళాల గొట్టంలో .357 మాగ్నమ్ వంటి తూటాలోని నిదానంగా మండే మందు తన శక్తినంతా గుండుకు అప్పగించే వ్యవధి పొందుతుంది. నాలుగంగుళాల రివాల్వరుతో పోలిస్తే సెకనుకు కొన్ని వందల అడుగుల వేగం అదనంగా లభిస్తుంది. అదే తుపాకిలో మృదువైన .38 స్పెషల్ కూడా పేలుతుంది, అప్పుడు ఆ రెండు కిలోల బరువే చేతికి ఉపశమనం. ఇక పక్కద్వారం సౌకర్యం: ఒక తూటా ఖర్చు కాగానే తుపాకి తెరవకుండానే మరొకటి లోపలికి తోయవచ్చు. భుజానికి వార్ల పట్టీ తగిలించి, దానిని ముందుకు బిగలాగి, ఆ బిగువునే మడమగా చేసుకొని గురిపెట్టే పద్ధతిని బొమ్మలతో వివరించిన పుటలను శ్రద్ధగా చూడవలసిందని మనవి.

నా భేదం ఒక్కచోట. ఈ పిస్తోలు అడవిదారుల నడిచేవారికి ఆత్మరక్షణగా మేలైనదని ఏడవ ప్రకరణంలో గ్రంథకర్త కొంత ఉదారంగా వ్రాశాడు. అదే తూటాను పేల్చే పదహారు అంగుళాల పొట్టి రైఫిలు, మడమతో సహా, దీనికంటె ఓ అడుగు పొడవూ ఓ అరకిలో బరువూ మాత్రమే ఎక్కువ. గురిలో మాత్రం రెండింటికీ పోలికే లేదు. ప్రాణాపాయం ఎదురైనవాడు ఆ అడుగు పొడవును ఆనందంగా మోస్తాడు. కురచ పిస్తోలు ఆనందం వేరే జాతిది: లీవరు దిగుతున్నప్పుడు వేళ్లకు తెలిసే లోహపు జారుడు, మూసుకొన్నప్పుడు అరచేతికి తగిలే నిశ్చయం, యంత్రం పని చేస్తుంటే కంటితో చూడగల భాగ్యం. వీణ బుర్రను నిమిరే వైణికుడి ఆనందాన్ని ప్రయోజనంతో కొలవము గదా. దీనికీ ఆ గౌరవమే ఇస్తే చాలు, అడవి దాకా లాగనక్కరలేదు.

చట్టవిషయంలో అతడు చూపిన జాగరూకత మెచ్చదగ్గది. అమెరికాలో 1934 నాటి జాతీయ చట్టం ప్రకారం రైఫిలుగా పుట్టినదాని గొట్టాన్ని పదహారు అంగుళాలకు లోపుగా కోస్తే, లేదా మొత్తం పొడవును ఇరవయ్యారు అంగుళాలకు లోపుగా తగ్గిస్తే, అది వేరే తరగతి. ముందస్తు అనుమతి, నమోదు లేనిదే కలిగి ఉండటం నేరం. మడమ లేకుండా పిస్తోలుగానే పుట్టినదానికి ఆ నిబంధన వర్తించదు. అందుకే నేటి తయారీదారులు అలా పుట్టిస్తున్నారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఆరవ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని పొట్టిచేయడం నిషిద్ధం. గ్రంథకర్త ఈ రెండింటినీ మొదటి ప్రకరణంలోనే పెట్టడం బాధ్యత తెలిసిన పని.

తెలుగువారికి ఈ విషయంతో ఏమి చుట్టరికం అని అడగబోయేవారికి నా సమాధానం సులభం. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ ఈ దేశపు తొలి కౌబాయ్ చిత్రం. దానికి రచన చేసినది సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర. శాసనాలూ తాళపత్రాలూ శోధించిన చేయి కౌబాయ్ టోపీకి మాటలు వ్రాయడాన్ని చిన్నతనంగా ఎంచలేదు. ఆయన తరువాతివాళ్లం మనమెందుకు ఎంచాలి? 1990లో నటుడు చిరంజీవి ‘కొదమసింహం’ నాటికి ఆ వేషం మన పల్లెలకు సొంతమైపోయింది. వేషాన్ని ఇంతగా ప్రేమించిన జాతికి, ఆ వేషంతోపాటు వచ్చిన పరికరం లోపల ఏముందో చూడటానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇంకొక సంయమనాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. 1880లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యుడు గుస్తావ్ ఓపెర్ట్ ప్రాచీన హిందువుల ఆయుధాల మీద గ్రంథం ప్రకటించి, శుక్రనీతిలోని నాలికాయుధ వర్ణనను ఆధారం చేసుకొని తుపాకి ప్రాచీన భారతంలోనే ఉన్నదని వాదించాడు. ఆ వర్ణన ఇటీవలి కాలపుదని తరువాతి పండితులు పలువురు తేల్చారు. అయినా మనవాళ్లలో ఆయుధాల ప్రస్తావన తెచ్చినవాడు ఆ శ్లోకాల దగ్గర ఆగకుండా ముందుకు పోవడం అరుదు. ఈ గ్రంథకర్త ఆ దారి తొక్కలేదు. నార్విచ్‌లో పుట్టినదాన్ని నార్విచ్‌లోనే ఉంచాడు.

శైలి గురించి: వాక్యం కురచ, కొన్నిచోట్ల మరీ కురచ; విషయానికి తగినదేమో. కార్ఖానా మనుషుల మాట అక్కడక్కడా మోటుగా వినిపిస్తుంది, దానిని దిద్దవద్దని నేనే చెప్పాను. వోల్కానిక్ ప్రకరణంలో మూడవ బొమ్మకూ నాలుగవ బొమ్మకూ నడుమ లీవరు సగం దిగిన స్థితి చూపే బొమ్మ ఇంకొకటి కావాలి. తూటా పైకెక్కే క్షణం అక్కడే ఉన్నది, పాఠకుడు దానిని ఊహించుకోవలసి వస్తున్నది. ద్వితీయ ముద్రణకు ఆ బొమ్మనూ, బిట్నర్, లౌమన్‌ల పిస్తోళ్ల మీద పూర్తి ప్రకరణాన్నీ చేర్చమని ఆశీర్వాదంతోపాటు ఆజ్ఞాపిస్తున్నాను. వైపర్ట్ నేడు చెక్ దేశంలో వేప్ర్టీ అనే పేరుతో జర్మనీ సరిహద్దునే ఉన్నది. ఈసారి వారాంతపు సెలవు సరిపోదు, చిరంజీవి పై అధికారులను అడిగి దీర్ఘమైనదే పెట్టాలి.